ఫ్రూట్‌లాండ్ నర్సరీలో గ్రహణం పూట

2024 ఏప్రిల్ 8, సోమవారం. ఫాల్గుణ అమావాస్య. తెల్లారితే క్రోధి నామ సంవత్సర ఉగాది. పైగా ఆ మధ్యాహ్నం అమెరికాలో సూర్యగ్రహణం. అలాంటి రోజున మా అల్లుడు నన్ను చీకటితోనే కారెక్కించుకుని అట్లాంటా నుంచి తూర్పుగా దాదాపు నూటయాభై మైళ్ళు తీసుకెళ్ళాడు. ఎందుకయ్యా అంటే గోల్ఫ్ చూడ్డానికి. అదీ పోటీ కాదు. గురువారం మొదలయ్యే పోటీకి ఆటగాళ్ళు ముందుగా చేసుకునే సాధన.

“కడుపుతో ఉన్న పిల్లని ఇంట్లో పెట్టుకుని గ్రహణం పూట మామా అల్లుళ్ళు షికారుకెళ్తారా!” అని మా ఆవిడ ముందురోజు రాత్రే దులిపేసింది. పులిహోర డబ్బా మాత్రం కట్టిచ్చింది. దాన్ని గేటు లోపలికి రానివ్వరేమోనని అల్లుడికి భయం. పార్కింగులోనే తెల్లారగట్ల ఇద్దరం తినేశాం.

నాకు గోల్ఫ్ తెలీదు. మాది కడియపులంక. నలభై ఏళ్ళుగా మొక్కలమ్ముకుని బతుకుతున్న వాణ్ణి. అంటు కట్టడం, గూటీ కట్టడం, ఏ సైజు కవర్లయితే లారీకి ఎన్ని పడతాయో లెక్క చెప్పడం, ఇవీ నా విద్యలు. అల్లుడు రమ్మన్నప్పుడు ముందు మొహం చాటేశాను. “అది ఒకప్పుడు నర్సరీ మావయ్యగారూ. గోల్ఫ్ మైదానం కాకముందు అరవై ఏళ్ళు అక్కడ మొక్కలే పెంచారు” అన్నాడు. ఆ మాటతో నన్ను పడేశాడు.

ఆగస్టా నేషనల్ గోల్ఫ్ క్లబ్‌లో ఏటా ఏప్రిల్‌లో జరిగే ఆ పోటీ పేరు మాస్టర్స్. పోటీ జరిగే నాలుగు రోజుల టికెట్లు చాలామటుకు ఎప్పుడో పేరు రాయించుకున్న వాళ్ళకే ఏటేటా వెళ్తాయి. దానికి ముందు సోమ, మంగళ, బుధవారాలు సాధన రోజులు. వాటికి మాత్రం ఎవరైనా దరఖాస్తు పెట్టుకోవచ్చు. పేర్లు డిప్‌లో వేస్తారు. తిరుమల ఆర్జిత సేవలకి డిప్ వేసి చూసినవాళ్ళకి ఇంతకంటే విడమరచి చెప్పక్కర్లేదు. మా అల్లుడు ఏడేళ్ళు వేశాడు, ఎనిమిదో ఏడు తగిలింది. ఆ ఏడు మనిషికి వంద డాలర్లు. 1990ల మధ్యదాకా ఈ సాధన రోజుల టికెట్లు గేటు దగ్గర నిలబడి కొనుక్కునేవారట.

తిరుమల ఊరికే గుర్తు రాలేదు. ఫోను లోపలికి తేకూడదు. మైదానంలో పరిగెత్తకూడదు. చూడవచ్చిన వాళ్ళని ప్రేక్షకులనరు, పేట్రన్లు అంటారు. మావైపు తీర్థానికి చందా రాసినవాణ్ణే పోషకుడంటాం, ఇక్కడ వచ్చిన ప్రతివాడూ పోషకుడే. పచ్చరంగు మడత కుర్చీ ఒకచోట వేసుకుని ఊరంతా తిరిగి రావచ్చు, కుర్చీని ఎవరూ కదపరు. ఖాళీగా ఉంటే ఇంకొకరు కూర్చోవచ్చు, కుర్చీగలాయన రాగానే లేవాలి. సాధన రోజుల్లో మాత్రం కెమెరాలు రానిస్తారు. అల్లుడు ఎక్కడినుంచో పాత కెమెరా ఒకటి సంపాదించి మెడలో వేసుకొచ్చాడు.

ఇక ఆ నేల సంగతి. 1850ల్లో డెనిస్ రెడ్మండ్ అనే ఆయన 365 ఎకరాలు తీసుకుని నీలిమందు తోట వేశాడు. 1854లో కాంక్రీటుతో ఇల్లు కట్టాడు. చుట్టూ పందిరిలా వరండా ఉన్న రెండంతస్తుల తెల్లటి ఇల్లు. ఇప్పటి క్లబ్‌హౌసు అదే. 1857లో ఆ భూమి బెల్జియం నుంచి వలస వచ్చిన బెర్క్‌మన్స్ కుటుంబం చేతికొచ్చింది. తండ్రి లూయీకి మొక్కలంటే పిచ్చి, కొడుకు ప్రాస్పర్‌కి మొక్కలే వ్యాపారం. వీళ్ళ చేతుల్లో ఫ్రూట్‌లాండ్ నర్సరీ అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో పేరు మోగిపోయింది. 1861 నాటి వాళ్ళ పట్టీలో 1,300 రకాల పేర్ పళ్ళు, 900 రకాల యాపిళ్ళు ఉన్నాయట. అల్లుడు ఈ లెక్క చెబుతుంటే నాకు చెమట పట్టింది. మామిడిలో పాతిక రకాలు పెట్టుకుని, వానకి చీటీలు తడిసి కొత్తపల్లి కొబ్బరి ఏదో సువర్ణరేఖ ఏదో తెలీక మేం తిట్లు తిన్న రోజులున్నాయి. రకం తప్పిందని నాలుగేళ్ళ తర్వాత కాపు చూసుకుని రైతు తిరిగొస్తాడు చూడండి, ఆ మొహం ఎదుట నిలబడ్డం కష్టం. రెండువేల పైచిలుకు రకాలకి చీటీలు తప్పకుండా ఎలా కాపాడాడో ఆ ప్రాస్పర్!

ఆ పట్టీ వేసిన 1861లోనే, ఏప్రిల్‌లో, అంతర్యుద్ధం మొదలైంది. నర్సరీ మటుకు నిలిచింది. జార్జియా అంటే పీచ్ పళ్ళ రాష్ట్రమని పేరు రావడంలో ఫ్రూట్‌లాండ్‌కి పెద్ద వాటా ఉంది. 1876లో జార్జియా ఉద్యాన సంఘం పెట్టినప్పుడు ప్రాస్పరే అధ్యక్షుడు. ఫ్రాన్సు నుంచి తెప్పించిన ప్రివెట్ మొక్కలు కొన్ని ఈ నేలలో నాటుకున్నాయి. దక్షిణాది ఇళ్ళముందు కనిపించే ప్రివెట్ కంచెలకి అవే తల్లిమొక్కలని చెబుతారు. తల్లిమొక్క అన్న మాట విలువ నర్సరీవాడికి తెలిసినట్టు ఇంకొకరికి తెలీదు. తల్లిని అమ్మం. ఎంతిస్తానన్నా అమ్మం.

రోడ్డు నుంచి క్లబ్‌హౌసు దాకా రెండు వరసల్లో 61 మాగ్నోలియా చెట్లున్నాయి. అంతర్యుద్ధానికి ముందు బెర్క్‌మన్సులు గింజ వేసి పెంచినవి. ఆ దారిన మాలాంటి వాళ్ళని నడవనివ్వరు. దూరం నుంచే చూశాను. రెండువైపుల కొమ్మలూ పైన కలుసుకుని గుహలా ఉంది. గింజ మొక్కకి అంటుమొక్కలా తొందరుండదు. నాటినవాడు దాని నీడలో కూర్చోగలడన్న హామీ లేదు.

ప్రాస్పర్ 1910లో పోయాడు. ఆ తర్వాత కొడుకులు చెదిరిపోయారు, 1918 నాటికి నర్సరీ మూతపడింది. మయామీ వ్యాపారి ఒకాయన పాత ఇల్లు పడగొట్టి పెద్ద హోటల్ కడతానని కొన్నాడు. ఇంతలో ఫ్లోరిడాలో తుపాను ఆయన ఆస్తిని ఊడ్చేసింది. తుపాను ఒకరి కొంప ముంచితే ఇంకో కొంప నిలిచింది. గోదావరి జిల్లావాళ్ళకి ఇది కొత్తేం కాదు.

పదమూడేళ్ళు బీడుపడ్డ ఆ నర్సరీని 1931లో బాబీ జోన్స్ చూశాడు. అంతకు ముందేడే ఆయన ఆ కాలపు నాలుగు పెద్ద పోటీలూ ఒకే ఏడాదిలో గెలిచి, ఇరవయ్యెనిమిదేళ్ళకే ఆట చాలించాడు. న్యూయార్క్ షేర్ల వ్యాపారి క్లిఫర్డ్ రాబర్ట్స్ తోడయ్యాడు. 70,000 డాలర్లకి భూమి కొన్నారు. నాకు నచ్చిన సంగతేమిటంటే, ప్రాస్పర్ కొడుకుల్లో ఇద్దరు మళ్ళీ ఆ నేలకే తిరిగొచ్చారు. ఒకరు క్లబ్ నిర్వహణ చూశారు, ఒకరు బంతి పడాల్సిన ఏ గుంట దగ్గర ఏ మొక్క వెయ్యాలో దగ్గరుండి చెప్పారు. అందుకే అక్కడ పద్ధెనిమిది గుంటలకీ మొక్కల పేర్లే. ఒకటోది టీ ఆలివ్, మూడోది పూల పీచ్, అయిదోది మాగ్నోలియా, పదోది కెమీలియా, పదమూడోది అజేలియా, పదిహేడోది నందినా. ఆటగాళ్ళు ఆ పేర్లు తలుచుకుంటారో లేదో. నేను మాత్రం చేతిలో పటం పెట్టుకుని, సంతలో మొక్కలు ఏరుకున్నట్టు వరసగా చూసుకుంటూ నడిచాను. కెమీలియా కొమ్మ దగ్గర వేళ్ళు వాటంతటవే ముందుకెళ్ళాయి. నాలుగంగుళాల ముక్క, పై రెండాకులు, తడిగుడ్డలో చుడితే చాలు. “మావయ్యగారూ!” అన్నాడు అల్లుడు నెమ్మదిగా. ఒక కాపలామనిషి నావైపే చూస్తున్నాడు. చెయ్యి జేబులో పెట్టుకున్నాను.

మైదానం గీసినవాడు ఆలిస్టర్ మెకంజీ అనే స్కాట్లండు వంశపు వైద్యుడు. అప్పటికి అమెరికాలో మహామాంద్యం. 1,800 మంది సభ్యులు చేరతారనుకుంటే వందమంది కూడా రాలేదు. మెకంజీకి ఒప్పుకున్న డబ్బు పూర్తిగా ఇవ్వలేకపోయారు. తను గీసిన మైదానంలో పోటీ జరగడం చూడకుండానే 1934 జనవరిలో పోయాడాయన. ఆ మార్చిలో మొదటి పోటీ జరిగింది. హోర్టన్ స్మిత్ గెలిచాడు. యుద్ధకాలంలో 1943 నుంచి మూడేళ్ళు పోటీలు ఆపేసి, ఆ పచ్చికలో పశువుల్నీ టర్కీ కోళ్ళనీ పెంచారు. పశువులు గడ్డితోపాటు అజేలియాలనీ మేశాయి. మేస్తాయి మరి, కంచె వెయ్యకపోతే పశువు తప్పా!

జనం కోసం ఎదురుచూసిన క్లబ్బు అది. 1966లో గానీ టికెట్లన్నీ మొదటిసారి అమ్ముడుపోలేదు. ఆరేళ్ళకల్లా వేచి ఉండేవాళ్ళ జాబితా పెట్టాల్సి వచ్చింది. 1978లో ఆ జాబితా కూడా మూసేశారు. మేం కడియం రోడ్డు మీద నిలబడి కార్లు ఆపి మొక్కలమ్మిన రోజులు గుర్తొచ్చి నవ్వుకున్నాను. ఇప్పుడు సినిమావాళ్ళు మావూరొచ్చి ఫొటోలు తీసుకెళ్తున్నారు.

పదకొండింటికి ఆకలేసింది. పిమెంటో చీజ్ సాండ్‌విచ్ అని, ఎర్ర మిరప ముక్కలు కలిపిన వెన్నలాంటి జున్ను పెట్టిన బ్రెడ్డు. డాలరున్నర. అంతటి చోట తిండి ఇంత చవగ్గా పెడతారని అనుకోలేదు. పీచ్ ఐస్‌క్రీమ్ మూడు డాలర్లు. ఐస్‌క్రీమ్ తింటూ ప్రాస్పర్‌ని తలుచుకున్నాను. ఇంటికి ఫోన్ చేద్దామంటే మైదానంలో డబ్బులడగని ల్యాండ్‌లైన్లు వరసగా పెట్టారు. తీరా చూస్తే మా అమ్మాయి నంబరు నాకూ రాదు, కట్టుకున్న అల్లుడికీ రాదు! మా ఆవిడ ముందుచూపుతో నా చొక్కా జేబులో పెట్టిన చీటీ కాపాడింది. “పట్టు రెండింటికి అట. ఈలోగా తినేసెయ్యండి. వస్తూ మామిడికాయ తెండి, వేపపువ్వు ఫ్రీజర్‌లో ఉంది” అని చెప్పి పెట్టేసింది. గోల్ఫ్ ఊసు అడగలేదు.

సాధన అంటే ఏముంటుందిలే అనుకుని వచ్చాను గానీ, నాకు పోటీకంటే ఇదే నచ్చేదనిపిస్తుంది. కోనసీమలో కనుమనాటి ప్రభల తీర్థం చూడ్డానికి జనం విరగబడతారు. చిన్నప్పటినుంచీ నాకు ముందురోజు ప్రభ కట్టేటప్పుడు వెళ్ళి కూర్చోవడమే ఇష్టం. వెదురు ఎక్కడ వంగనంటుందో, ముడి ఎక్కడ జారుతుందో అప్పుడే తెలుస్తుంది. ఇక్కడా అంతే. ఒక ఆటగాడు ఒకేచోట నుంచి నాలుగు బంతులు కొడుతున్నాడు. ఒకటి నీళ్ళలో పడితే నవ్వేస్తున్నాడు. ఆకుపచ్చ తివాచీలాంటి చోట, అక్కడి మాటలో గ్రీన్, జెండా ఈరోజున్న చోట వదిలేసి ఆదివారం ఎక్కడ ఉండొచ్చో ఊహించి అక్కడికి బంతులు దొర్లించుకుంటున్నారు. పక్కన తెల్లటి ఓవరాల్స్ తొడుక్కున్న కాడీ చిన్న పుస్తకంలో ఏదో రాసుకుంటాడు. కాడీ అంటే సంచీ మోసేవాడు మాత్రమే అనుకునేవాణ్ణి.

పదహారో గుంట దగ్గర గట్టు మీద చోటు దొరికింది. కొట్టేచోటికీ గ్రీన్‌కీ నడుమ చెరువు. సాధన రోజుల్లో జనం “స్కిప్! స్కిప్!” అని అరుస్తారు. చెరువులో పెంకు ఎగరేసి గంతులేయించినట్టు బంతిని నీళ్ళ మీద గెంతించి అవతలి ఒడ్డుకి చేర్చాలి. ఇది 1980ల్లో మొదలైన అల్లరి. 2009లో విజయ్ సింగ్ అలా గెంతించిన బంతి ఏకంగా గుంటలోనే పడింది. ఫిజీలో పుట్టిన ఈ భారతసంతతివాడు 2000లో మాస్టర్సే గెలిచాడు.

మా అల్లుడు ఆ గుంట దగ్గరే కూర్చోవాలనడానికి కారణం వేరు. సాహిత్ తీగల. అమ్మానాన్నలు తెలుగువాళ్ళు, తండ్రిది హైదరాబాద్. కుర్రాడు పుట్టింది పెరిగింది కాలిఫోర్నియాలో. 2023లో మొదటిసారి మాస్టర్స్ ఆడి, ఆఖరి రోజు ఈ పదహారో దగ్గరే గ్రీన్ బయటనుంచి ఒక్క దెబ్బకి బంతిని గుంటలో వేశాడు. మొత్తం మీద తొమ్మిదో స్థానంలో నిలిచిన వాళ్ళలో ఉన్నాడు. 2007లో జీవ్ మిల్ఖా సింగ్ ఆడేదాకా మన దేశంవాళ్ళెవరూ ఇక్కడ ఆడలేదు. సాహిత్ కోసం ఆరోజు మూడుగంటలు కళ్ళు కాయలు కాచాయి గానీ కనబడలేదు. మేమున్నవైపు రాలేదో, వచ్చి వెళ్ళిపోయాడో!

పక్క కుర్చీలో డెబ్బై దాటిన నల్లజాతి పెద్దాయన కూర్చున్నాడు. ఆగస్టా ఊరే. మేనమామ ఇక్కడ కాడీగా చేశాడట. ఆయన చెప్పిందీ, తర్వాత అల్లుడు పుస్తకాల్లో చూసి చెప్పిందీ కలిపి రాస్తున్నాను. 1982 దాకా ఈ పోటీలో ఆటగాడు ఎంతటివాడైనా క్లబ్ కాడీనే పెట్టుకోవాలి. ఆ కాడీలంతా నల్లవాళ్ళు, ఎక్కువమంది పక్కనున్న శాండ్‌హిల్స్ పేటవాళ్ళు. ఆర్నాల్డ్ పామర్ నాలుగుసార్లు గెలిచినప్పుడు పక్కనున్నది నథానియెల్ ఏవరీ. జాక్ నిక్లాస్ మొదటి అయిదు గెలుపులకీ విల్లీ పీటర్సన్. సంచీ మోసే నల్లవాడు 1934 నుంచీ ఉన్నాడు గానీ, ఆడే నల్లవాడు లీ ఎల్డర్ వచ్చేసరికి 1975 అయింది. సభ్యత్వం 1990కి గానీ రాలేదు. ఆడవాళ్ళకైతే 2012. 1983లో ఆటగాళ్ళు సొంత కాడీలని తెచ్చుకోవచ్చన్నారు. దాంతో శాండ్‌హిల్స్ వాళ్ళ చేతిలోంచి ఆ వారపు సంపాదన జారిపోయింది.

వాళ్ళందరికీ గురువు విల్లీ స్టోక్స్. పాపీ అనేవారు. 1920లో ఈ నేల మీదే, పాత నర్సరీ స్థలంలోనే పుట్టాడు. మైదానం తవ్వుతున్నప్పుడు పన్నెండేళ్ళవాడు, కూలీలకి మంచినీళ్ళు మోసేవాడు. వాన కురిసినప్పుడల్లా నీళ్ళు ఏ గట్టు మీదనుంచి ఎటు జారి రేస్ క్రీక్ వాగు పల్లానికి చేరుతున్నాయో చూస్తూ పెరిగాడు. పైన పచ్చిక పరిచి ఎంత నున్నగా చేసినా అడుగున నేల వాలు మారదు కదా. తర్వాత కాడీ అయి, బంతి ఎటు ఒరుగుతుందో ఆ నీళ్ళ జ్ఞాపకంతో చెప్పేవాడు. అతను సంచీ మోసిన ఆటగాళ్ళు అయిదుసార్లు మాస్టర్స్ గెలిచారు. 1938లో హెన్రీ పికార్డ్ మొదలు, బెన్ హోగన్ రెండుసార్లు.

ఈ సంగతి వినగానే నాకు ఆ మైదానం ఒక్కసారిగా అర్థమైంది. మా మడుల్లో మట్టం చూసే పరికరాలేవీ లేని రోజుల్లో మా నాన్న కూడా అంతే. తొలి వానకి గొడుగేసుకుని వెళ్ళి నిలబడేవాడు. నీళ్ళు ఎక్కడ ఆగితే అక్కడ గుర్తుకి ఒక పుల్ల గుచ్చేవాడు. మొక్క కుళ్ళేది అక్కడే.

మూడు కావస్తోంది. క్లబ్బువాళ్ళు మాస్టర్స్ ముద్ర వేసిన గ్రహణం కళ్ళజోళ్ళు పొద్దున్నే ఊరికే పంచిపెట్టారు. జనమంతా అవి పెట్టుకుని ఆకాశం చూస్తున్నారు. అక్కడ సంపూర్ణ గ్రహణం కాదు, సూర్యుణ్ణి దాదాపు ముప్పాతిక కప్పింది. ఎండ పల్చబడి, సాయంత్రం కాని సాయంత్రంలా అయింది. చెట్ల కింద ఆకుల సందుల్లోంచి పడే ఎండచుక్కలన్నీ నెలవంకలైపోయాయి. పచ్చిక మీద వందల నెలవంకలు. నేను పైకి చూడ్డం మానేసి కిందకే చూస్తున్నాను.

ఆటగాళ్ళు మాత్రం ఆగలేదు. ఒకతను చెరువు మీదుగా కొట్టాడు. బంతి గ్రీన్ మీద కుడివైపు పైభాగంలో పడి నిలిచిపోయినట్టే కనిపించింది. “ఆగదు. ఎడమకి, నీళ్ళవైపు దిగుతుంది” అన్నాను. తడి పెట్టినప్పుడు కాలువ మలుపు తిరిగినట్టు బంతి మెల్లగా ఒరిగి, జోరందుకుని, జెండా దాటి కిందకి దొర్లింది. పెద్దాయన కళ్ళజోడు తీసి నావైపు తిరిగాడు.

“గోల్ఫ్ ఆడతారా?”

“ఆయ్, లేదండీ. నర్సరీ.”

అల్లుడు వివరంగా చెప్పాడు. ఎన్ని ఎకరాలు, ఏమేం మొక్కలు, అన్నీ అడిగాడాయన. నేను ప్రాస్పర్ గురించి, 1,300 రకాల గురించి ఎత్తుకున్నాను. తల ఊపుతూ విన్నాడు. 1850ల జార్జియా ఎలాంటిదో ఆయనకి నేను చెప్పాలా! మనుషుల్ని అమ్మడం కొనడం చట్టబద్ధమైన కాలం. విన్నాక ఆయన అడిగింది ఒక్కటే. “మీ నర్సరీలో నీళ్ళెవరు పెడతారు?”

“ముప్పైమంది దాకా ఆడవాళ్ళున్నారండీ. కొందరు పెళ్ళయి వచ్చినప్పటినుంచీ మా దగ్గరే.”

“పేర్లేంటి?”

వరసగా చెప్పడం మొదలుపెట్టాను. అల్లుడు నవ్వుతూ ఒక్కొక్క పేరూ ఆయనకి విడమరచి పలికి వినిపిస్తున్నాడు. పదకొండో పేరు దగ్గర ఆగిపోయాను. మొహాలు కనిపిస్తున్నాయి, కవర్లలో మట్టి నింపే చేతులు కనిపిస్తున్నాయి. పేరు రావడం లేదు. పెద్దాయన తొందరపెట్టలేదు. పచ్చిక మీద నెలవంకలు ఒక్కొక్కటీ మళ్ళీ గుండ్రబడుతున్నాయి.